ముందుగా లోపలికి వెళ్ళే మనిషి

జనవరి 11

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేకపోయాను. జ్వరం వచ్చి తొమ్మిది రోజులు మంచం మీదే ఉన్నాను. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను. సోమవారం నుంచి పనిలోకి కూడా వెళ్తున్నాను. కంగారు పడకు. నోటికి మాత్రం రుచి రాలేదు. ఏది తిన్నా తడి కాగితం నమిలినట్టుంది. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే పీట వేసుకుని నీ ఉత్తరం రెండోసారి చదువుతున్నాను. పాలు పొంగి, గిన్నె మాడి, మీ బావ వీధిలోంచి పరుగెత్తుకొచ్చి దించేదాకా నాకు తెలియనే లేదు. "నీ తమ్ముడి ఉత్తరాలు ఇకనుంచి పొయ్యి ఆర్పాక ఇస్తాను" అన్నాడు.

కోల్డ్ స్టోరేజీలో మార్పులు చాలా వచ్చాయి. పెద్దాయన మంచాన పడ్డాడు. అల్లుడు వచ్చి కూర్చున్నాడు. ఆయన్ని మేమంతా అల్లుడుగారు అనే అంటున్నాం, యజమాని అనడానికి ఇంకా నోరు తిరగడం లేదు. పాత మిషను మనిషి మానేశాడు. కొత్త ఆపరేటరు వచ్చాడు. గోడల వెంట పైపులన్నిటికీ వెండిరంగు వేయించారు. తుప్పు కనిపించడం లేదు, చూడటానికి పెళ్ళివారి ఇల్లులా ఉంది.

పొద్దున్నే గది తలుపు తీశాక నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్ళడం అల్లుడుగారు మొదటిసారి చూశాడు. బంగాళాదుంపల సంచుల వరుసల మధ్యగా వెనక గోడ దాకా నడుస్తాను. గదిని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు పైపులన్నీ అక్కడే ఉంటాయి. తిరిగొచ్చి శాలువా తలమీదికి లాక్కుంటే ఆడవాళ్ళంతా కదులుతారు. లాక్కోకపోతే ఎవరూ కదలరు. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. అప్పట్లో ఒకరోజు నాకు సన్నగా గ్యాసు వాసన తగిలి అందరినీ బయటికి లాక్కొచ్చాను, అరగంటకి పైపు పగిలింది. ఆ సంగతి నీకు తెలుసు. ముక్కక్క అనే పేరు అప్పుడే పడింది.

ఆయన అడిగాడు, ముప్ఫైమంది నీ కోసం గుమ్మంలో ఎందుకు నిలబడతారు, నీ ఉద్యోగం ఏమిటి అని. దుంపలు ఏరే మనిషిని అన్నాను. నవ్వాడు. మర్నాడు తన గదికి పిలిచి సూపర్‌వైజరుగా వేస్తానన్నాడు, గుమ్మం పక్కన ఒక కుర్చీ కూడా వేయిస్తాడట. "నేనొక మాట చెబితే వీళ్ళు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. నీకు శాలువా చాలు" అన్నాడు.

ఒప్పుకోనా, మాననా? ఆలోచించి రాయి. మరదల్ని, పిల్లల్ని అడిగానని చెప్పు.

అక్క

జనవరి 19

అక్కకు నమస్కారం.

ఇక్కడ అందరం బాగున్నాం. పెద్దదానికి లెక్కల్లో తప్ప అన్నిట్లో మంచి మార్కులొచ్చాయి. చిన్నదానికి లెక్కల్లో కూడా రాలేదు. పాలు మాడ్చడానికి నా ఉత్తరం మీద నెపం వేశావు. అమ్మ ఉన్న రోజుల్లో ఎవరి ఉత్తరాలు చదివి మాడ్చేదానివి?

కుర్చీ ఒప్పుకో. ఇందులో ఆలోచించేదేముంది? నిన్నటిదాకా కుర్చీ లేకుండా చేసిన పనే కదా. నా సంగతి చూడు. బల్లలు తుడిచి ఫైళ్ళు మోసే ఉద్యోగం నాది. ఫ్యాక్టరీలు తనిఖీ చేసేది మా ఆఫీసరు. కానీ ఏ ఫైలు ముందు చూడాలో, ఏది రేపు చూడాలో ఆయనకు చెప్పేది నేను. "ఇది పెట్టొచ్చా?" అంటాడు. "పెట్టొచ్చు సార్" అంటే సంతకం. నేను అడుగున పెట్టిన ఫైలు అడుగునే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇంతే. గుమాస్తాలు నన్ను చిన్నాఫీసరు అంటారు, ఎగతాళికే అనుకో. నేనెవరి దగ్గరా కప్పు టీ తాగనని ఆయనకు తెలుసు. అందుకే నా మాటకు ఆ విలువ. నీ మాటకూ అలాంటి విలువే ఉంది. దానికో కుర్చీ వేస్తామంటే నిలబడి ఉంటాననడం దేనికి?

ఆఫీసరు ఏప్రిల్లో రిటైరవుతున్నాడు. చూపు తగ్గింది, ఓపికా తగ్గింది. ఉన్న ఒక్క జీపు షెడ్డులో ఉంది. గ్యాసు కొలిచే పరికరం ఒకటే ఉంది, అదీ రిపేరుకు ఇచ్చాం. అన్నట్టు మీ కోల్డ్ స్టోరేజీ లైసెన్సు ఫిబ్రవరి ఆఖరుతో అయిపోతుంది. ఫైలు వచ్చింది. నా చేతుల్లోనే ఉంది.

ఒంట్లో నీరసం తగ్గేదాకా బరువులు ఎత్తకు. కుర్చీలో కూర్చో.

తమ్ముడు

జనవరి 29

తమ్ముడికి,

నువ్వన్నట్టే ఒప్పుకున్నాను. కుర్చీ వేశారు. దానికి చేతులు కూడా ఉన్నాయి. రెండో రోజు రేడియో అంది, ఎప్పుడూ నోరు మూయదని మాలో ఒకదానికి మేము పెట్టుకున్న పేరులే అది, "అక్క కూర్చుంటే గుమ్మం నిండుగా ఉంది, ఇక లోపలికి దారే లేదు" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రోజూ లోపలికి వెళ్తూనే ఉన్నాను. ఒకటి, రెండు గదులు ఖాళీ చేసి కడిగారు. మూడో గదిలో మాత్రం విత్తనపు దుంపలున్నాయి, మిషను నడుస్తోంది. వెనక గోడ దగ్గర ఏరే కవలల తల్లి వారం నుంచి దగ్గుతోంది. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. దుంపల మీది దుమ్ము అంటున్నాడు ఆపరేటరు. కొత్త రంగు వాసన తలకెక్కుతోందని ఇద్దరు ముగ్గురు అన్నారు. "రంగు వాసనేగా అక్కా?" అని నన్నడిగారు. అవునన్నాను.

గోడకు ఒక అలారం ఉంది. గ్యాసు ఉంటే మోగుతుంది. పదిహేను రోజుల కిందట ఊరికే మోగుతోందని ఆపరేటరు దాని తీగ పీకేశాడు. చెడిపోయిందట. అల్లుడుగారు చూసి ఊరుకున్నాడు. చూశానని నాతో అన్నాడు కూడా. నువ్వుండగా దాంతో పనేముంది అన్నాడు.

నాకు ఒక్కటే తెలియాలి. మీ ఆఫీసు వాళ్ళు ఎప్పుడొస్తారు? లైసెన్సుకు ముందు రావాలి కదా? వచ్చేటప్పుడు ఆ పరికరం తెస్తారా? మూడో గదిలో వెనక గోడ దాకా వెళ్తారా, గుమ్మంలోనే చూసి వెళ్ళిపోతారా? ఏ రోజో ముందుగా రాయి. ఆ రోజు దాకా ఎలాగో నెట్టుకొస్తాను. తెలిస్తే నాకు నిద్ర పడుతుంది.

నీకు ఇంకో సంగతి రాయాలి. వచ్చే ఉత్తరంలో రాస్తాను. మీ బావ తనకు రాయడం రాదని, తనూ మిమ్మల్నందరినీ అడిగాడని నన్నే రాయమంటున్నాడు.

అక్క

ఫిబ్రవరి 6

అక్కకు నమస్కారం.

నువ్వు రాసిందే కాదు, రాయనిది కూడా చదివాను. ఇక నిద్రపో.

ఈ ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా "ఎప్పుడొస్తారు?" అని అడిగినవాళ్ళెవరూ మేము రావాలని అడగలేదు. పెద్ద పెద్ద యజమానులు కూడా నన్ను పక్కకు పిలిచి ఆ ఒక్క మాటే అడుగుతారు. "ముందుగా చెప్పు, ఆ రోజు దాకా నెట్టుకొస్తాం" అంటారు. వాళ్ళెవరికీ నేను చెప్పలేదు. కానీ నువ్వు నన్ను జన్మలో ఒక్కటీ అడగలేదు. ముప్ఫైమంది ఆడవాళ్ళ పని గురించి భయపడుతున్నావని నాకు అర్థం కాదా?

జరిగింది చెబుతాను. జీపు ఇంకా షెడ్డులోనే ఉంది. పరికరం రాలేదు. తనిఖీ అయ్యేదాకా ఆగితే ఏప్రిల్ దాటుతుంది. లైసెన్సు లేకపోతే కొత్త పంట లోపలికి రాదు, స్టోరేజీకి తాళం పడుతుంది. మీరంతా ఇంట్లో కూర్చోవాలి. మీ ఫైలు తీసి పైన పెట్టాను. ఆఫీసరు తిప్పి చూసి, లోపల గ్యాసు సంగతేమిటని అడిగాడు. నేను చెప్పాను: "సార్, రోజూ అందరికన్నా ముందు ఆ గదిలోకి మా అక్క వెళ్తుంది. ఏదైనా ఉంటే మన పరికరం కన్నా ముందు ఆమెకు తెలుస్తుంది. పదకొండేళ్ళ కిందట ఆమె చెప్పాకే పైపు పగిలింది."

ఆయన కలం మూత తీశాడు. "నీ అక్కేనా?" అన్నాడు. అవునన్నాను. చూసి తృప్తి చెందానని రాసి సంతకం పెట్టాడు. మర్నాడే కాగితం మీ అల్లుడుగారికి పంపించాం.

ఒకరి కోసం ఫైలు పైకి తీయడం ఇదే మొదటిసారి. తప్పు చేసినట్టు అనిపించలేదు. ఆ గదిలోకి ముందు వెళ్ళేది నువ్వే కదా.

రాస్తానన్న సంగతి ఏమిటి? బావ మళ్ళీ ఉద్యోగం మానేశాడా?

తమ్ముడు

ఫిబ్రవరి 12

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. రాస్తానన్న సంగతి ఇదే.

జ్వరం తగ్గాక నాకు వాసన తెలియడం లేదు. తగ్గిపోవడం కాదు, అసలు లేదు. కిరసనాయిలు సీసా మూత తీసి ముక్కు కింద పెట్టుకున్నాను. నీళ్ళలా ఉంది. ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండుతాయి గాని వాసన రాదు. పాలు మాడిన రోజు నేను నీ ఉత్తరంలో మునిగిపోలేదు. పొగ కంటికి తగిలేదాకా నాకు తెలియలేదంతే. ఆ రోజు నవ్వుతాలుగా రాశాను. అది ఇక తిరిగి రాదని నాకే అప్పటికి తెలియదు.

సోమవారం పనిలోకి వెళ్ళిన రోజే తెలిసింది. గది తలుపు తీయగానే తడి గోనె వాసన, దుంపల వాసన వచ్చేవి. ఆ రోజు ఒట్టి చలి మాత్రమే వచ్చింది. వెనక గోడ దాకా వెళ్ళాను. రెండుసార్లు పీల్చాను. వెనక్కి వచ్చాను. ముప్ఫైమంది నా చేతుల వైపు చూస్తున్నారు. శాలువా లాక్కున్నాను. అలవాటైన చెయ్యి తనంతట తనే లేచింది. ఒక్కరోజేలే, రేపటికి వస్తుందిలే అనుకున్నాను. నెల దాటింది.

ఘాటు ఎక్కువైతే కళ్ళు మండుతాయి, అది ఎవరికైనా తెలుస్తుంది. అది తెలిసేసరికి తలుపు దూరమవుతుంది. ఘాటుగా ఉన్నప్పుడు కాదు, సన్నగా ఉన్నప్పుడే పట్టడానికి నేను పనికొచ్చేదాన్ని. ఇప్పుడు నాకూ ఆ తీగ పీకేసిన అలారానికీ తేడా లేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఏం చెప్పమంటావు? నేను ఏరే దుంపలు ఎవరైనా ఏరగలరు. నా దగ్గర ఉన్నది అదొక్కటే. మీ పరికరం వస్తుంది, నా పని అది చేస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా చెబుదామనుకున్నాను. అందుకే నిన్ను ఎప్పుడొస్తారని అడిగాను. రావాలనే అడిగాను.

కవలల తల్లికి దగ్గు తగ్గలేదు. ఇంటికి వెళ్తే తగ్గుతోందట, పొద్దున పనిలోకి రాగానే మొదలవుతోందట. దుమ్మయితే ఇంకొకరికి కూడా రావాలి కదా. వెనక గోడ దగ్గర ఉండేది ఆమె ఒక్కతే.

ఆఫీసరుతో చెప్పు. మా అక్క మాట మీద నమ్మకం పెట్టుకోవద్దను. ఆ కాగితం వెనక్కి తీసుకోమను.

అక్క

ఫిబ్రవరి 19

అక్కా,

ఈ సంగతి జనవరిలో రాసుంటే నేను ఆ ఫైలు ముట్టుకునేవాణ్ణి కాదు. నోటికి రుచి లేదని రాశావు, గిన్నె మాడిందని రాశావు, అసలు మాట తప్ప అన్నీ రాశావు. ఇప్పుడు కాగితం వెనక్కి తీసుకోమంటున్నావు. అదేమైనా ఆరేసిన చొక్కానా, వాన వస్తోందని లోపలికి తెచ్చుకోవడానికి?

ఆఫీసరు తను చూసినట్టు రాశాడు. చూడలేదని బయటపడితే ఆయన ఇన్నేళ్ళ సర్వీసు, పెన్షను పోతాయి. ఎవరి మాట మీద పెట్టావని పైవాళ్ళు అడిగితే నా పేరు చెబుతాడు. చెప్పాలి కూడా. ఎక్కడా కప్పు టీ తాగనివాడు సొంత అక్క కోసం ఫైలు తోశాడని అంటారు. తీసుకున్నవాళ్ళకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఏమీ తీసుకోకుండా చేసిన నాకు చెప్పుకోవడానికేముంది? ఇద్దరు ఆడపిల్లల్ని ఇంకా చదివించాలి. మీ మరదలికి ఇంతవరకు ఏమీ చెప్పలేదు.

నేనొకటి చెబుతాను, విను. నువ్వు సూపర్‌వైజరువి. ముందు వెళ్ళే పని ఇంకొకరికి అప్పగించు. ముక్కున్న మనుషులు ముప్ఫైమంది ఉన్నారు. నీకు జలుబని చెప్పు. ఆరు వారాలు గడిస్తే ఆఫీసరు వెళ్ళిపోతాడు, కొత్తాయన వస్తాడు, పరికరం వస్తుంది. మొదట మీ స్టోరేజీకే తీసుకొస్తాను. అంతదాకా ఎవరికీ ఏమీ చెప్పకు. నువ్వు మునిగి నన్ను కూడా ముంచకు.

అదీ కుదరకపోతే పని మానెయ్. ఇక్కడికి వచ్చి ఉండు.

ట్రంకాల్ చేద్దామనుకున్నాను. ఫోను మీ అల్లుడుగారి గదిలో మోగుతుంది కదా అని మానుకున్నాను.

తమ్ముడు

ఫిబ్రవరి 26

తమ్ముడూ,

నువ్వు వద్దన్న పని చేశాను.

శుక్రవారం పొద్దున గుమ్మం ముందు అందరూ ఉండగా చెప్పాను. జ్వరం నుంచి వాసన తెలియడం లేదు, ఇన్ని రోజులూ ఊరికే వెళ్ళి వచ్చాను, తప్పు నాది అన్నాను. తిడతారని అనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రేడియో అడిగింది: "కుర్చీ వచ్చాక ముక్కు పోయిందా అక్కా?"

"కుర్చీ కన్నా ముందే పోయింది" అన్నాను.

"మరి అప్పుడు చెప్పలేదే? కుర్చీ దొరికేదాకా ఆగావా?"

అది అన్నది తప్పు కాదు. కుర్చీ కోసం కాదు గాని, ఆగిన మాట నిజమే.

అప్పుడు వాళ్ళు అనుకుంటున్నది నాకు తెలిసింది. అల్లుడుగారు నన్ను తన వైపు తిప్పుకున్నాడని, పొద్దున ఇరవై నిమిషాలు పని ఆగడం ఆయనకు ఇష్టం లేదు కాబట్టి నేను ముక్కు పోయిందని చెప్పి పద్ధతి ఎత్తేస్తున్నానని. పదకొండేళ్ళు నా చెయ్యి లేస్తే నమ్మారు. నోరు తెరిచి నిజం చెబితే నమ్మలేదు.

కవలల తల్లి ముందుకొచ్చి నేను చూసొస్తానంది. వెళ్ళి వచ్చి ఏమీ లేదంది. నేను వద్దన్నాను. నెల రోజులుగా అక్కడే ఉన్నావు, నీ ముక్కు అలవాటు పడింది, ఈ నెలలో అటు వెళ్ళని మనిషి ఎవరైనా చూడాలి అన్నాను. "ఇప్పుడు మా ముక్కులు కూడా నువ్వే చెబుతావా?" అంది. మెల్లగానే అంది. అందరూ ఆమె వెనక లోపలికి వెళ్ళారు. చివరి మనిషి నన్ను తాకకుండా పక్కకు ఒదిగి వెళ్ళింది.

నేను కుర్చీ లాక్కెళ్ళి గుమ్మంలో అడ్డంగా వేసి కూర్చున్నాను, తలుపు మూయడానికి వీల్లేకుండా. గాలైనా ఆడుతుందని. మూడు రోజులు అలాగే కూర్చున్నాను. చలంతా బయటికి పోతోందని ఆపరేటరు వెళ్ళి చెప్పాడు. అల్లుడుగారు వచ్చాడు. కోప్పడలేదు. నీ ముక్కు సంగతి నాకు జనవరిలోనే తెలుసన్నాడు. తన గదిలో అగరబత్తి నిప్పు కాగితాలకు అంటుకుని కమురు వాసన వస్తుంటే నేను ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నానట. అందుకే కుర్చీ ఇచ్చానన్నాడు. "నాకు కావలసింది నీ ముక్కు కాదు" అన్నాడు. తర్వాత తన జేబులోంచి మీ ఆఫీసు కాగితం తీసి చూపించి, ఇక దీని గురించి మాట్లాడటానికి ఏమీ లేదన్నాడు.

నన్ను పనిలోంచి తీసేశారు. మూడో గది మిషను వారం రోజులు ఆపి పైపులు బిగిస్తారట. కొత్త పంటతో మళ్ళీ తెరుస్తారు.

నిన్ను ముంచానో లేదో నాకు తెలియదు. మీ బావ మాత్రం నీకు ఒక్క ముక్క రాయమన్నాడు. వచ్చి ఉండమన్నావు, చాలు, మేము రాము.

అక్క

మార్చి 4, మంగళవారం

అక్కా,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. ఇప్పుడు మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు నాకు తెలిసినవాడు. అతని చేతికి ఇస్తున్నాను. రేపు మధ్యాహ్నానికి నీకు అందిస్తానన్నాడు.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. అల్లుడుగారు జేబులోంచి కాగితం తీశాడన్న చోట ఆగిపోయాను. అది నా చేతులతో కవరులో పెట్టిన కాగితం.

నిన్న ఆఫీసరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. చెప్పడమే కాదు, రాసి, కింద నా సంతకం పెట్టి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "నీ మాట మీదే కదా పెట్టాను" అన్నాడు. అవును సార్, ఇదీ నా మాటే అన్నాను. ఆయన ఆ కాగితాన్ని ఫైళ్ళ దొంతర ఎత్తి అడుగున పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా అడుగున పెట్టే పని నాది, అక్కా. అది పైకి ఎప్పుడొస్తుందో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు.

పరికరం కోసం రిపేరు షాపుకు వెళ్ళాను. అది జనవరి ఇరవైకే సిద్ధమైందట. తీసుకెళ్ళమని కార్డు కూడా రాశారట. ఆఫీసుకు వచ్చి వెతికితే కార్డు దొరికింది. మిగతా టపాతో కలిపి నేనే దారం కట్టి ఫైల్లో పెట్టాను. చదవలేదు. పరికరం రాలేదని నీకు రాసిన రోజు అది రెండు వీధుల అవతల అరలో ఉంది.

ఇన్ని రోజులు ఊరికే ఉండి బ్యాటరీ పోయింది. కొత్తది ఎక్కించి, సూది సరిచూసి రేపు సాయంత్రానికి ఇస్తానన్నాడు మెకానిక్. రసీదు మీద నేనే సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టే అధికారం నాకు లేదు. ఉద్యోగం ఉంటుందో లేదో అది తర్వాత సంగతి. మీ మరదలికి చెప్పాను. ఆమె సంచిలో రెండు జతల బట్టలు పెట్టింది.

రేపటి బస్సుకు బయల్దేరితే గురువారం పొద్దున్నకు అక్కడ ఉంటాను. నేనే స్వయంగా వెనక గోడ దాకా తీసుకెళ్ళి చూపిస్తాను. సూది కదిలితే అందరి కళ్ళముందూ కదులుతుంది. దాన్ని ఎవరూ కుర్చీ ఇచ్చి కొన్నారని అనలేరు. వారం రోజులు మిషను ఆపామన్నారు కదా, ఇంకా రెండు మూడు రోజులు తెరవరనే అనుకుంటున్నాను. ఒకవేళ తెరుస్తామంటే గురువారం దాకా ఆపు. నీ మాట వినకపోయినా ఎలాగో ఆపు.

తమ్ముడు

మార్చి 4, మంగళవారం

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఇక రాయవనే అనుకుంటున్నాను. నిన్ను తప్పు పట్టడం లేదు. నీ పిల్లలు నీకున్నారు. నేను నీతో ఒకమాట దాచాను, దానికి నువ్వు నాతో మాట్లాడటం మానేస్తే చెల్లుకు చెల్లు. అయినా జరిగింది నీకు తెలియాలని రాస్తున్నాను.

రేపు పొద్దున మూడో గది తెరుస్తున్నారు. కొత్త పంట వచ్చింది. సంచులు వెనక కిటికీలోంచి లోపలికి జార్చుతారు, ఆడవాళ్ళు లోపల అందుకుని వరుసలు పేర్చాలి. చలి పోకుండా ముందు తలుపు మూసి ఉంచుతారట. పైపులు బిగించారో లేదో నాకు తెలియదు. మళ్ళీ రంగు మాత్రం వేశారు. చేతికి అంటుకుంటోందని కడగడానికి వెళ్ళినవాళ్ళు చెప్పారు.

సాయంత్రం పొద్దుండగానే వాళ్ళు మా ఇంటికి వచ్చారు. ఆరుగురు. రేడియో ముందు, కవలల తల్లి వెనక. కవలల తల్లి గొంతు పోయింది, సైగలతో మాట్లాడుతోంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

రేడియో మొదలుపెట్టింది. తలుపు మూస్తామంటే అందరికీ భయంగా ఉందంది. ఆ రోజు అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దంది. రేపొక్కసారి వచ్చి ఎప్పటిలాగే లోపలికి వెళ్ళి రమ్మంది. అల్లుడుగారిని అడిగారట, ఆయన సరే అన్నాడట. మళ్ళీ పనిలో పెట్టుకుంటాడట కూడా.

"నాకు తెలియదని చెప్పాను కదే" అన్నాను.

"తెలియకపోతే పోయింది. నువ్వు వెళ్ళొస్తే మాకు కాళ్ళు ఆడతాయి" అంది.

మీ బావ గడపలో నిలబడి ఉన్నాడు. అటు తిరిగాడు.

వాళ్ళు నన్ను నమ్మలేదని వారం రోజులుగా బాధపడుతున్నాను. అది కాదు. నమ్మారు. నా ముక్కు పోయిందని వాళ్ళకు తెలుసు. అయినా శాలువా కావాలి. పదకొండేళ్ళుగా నేను వాళ్ళకు ఇస్తున్నది వాసన అనుకున్నాను. అల్లుడుగారికి నాకన్నా ముందే తెలిసింది, అది కాదని.

వెళ్ళనని చెప్పాను. లోపలికి వెళ్ళను, శాలువా తల మీదికి లాక్కోను, మీరూ వెళ్ళొద్దు అన్నాను. వెళ్ళకపోతే తీసేస్తారు అంది రేడియో. తీసేస్తారు, నన్నూ తీసేశారు అన్నాను. అందరూ మెట్లు దిగారు. వస్తారో, మానేస్తారో చెప్పలేదు. వస్తారనే అనుకుంటున్నాను. పంట వేళ ఇంట్లో కూర్చోగలిగినవాళ్ళు ఆ ఆరుగురిలో ఒక్కరూ లేరు.

రేపు తలుపు తీయకముందే నేను అక్కడికి వెళ్తాను. లోపలికి కాదు. గుమ్మంలో తలుపుకు వీపు ఆనించి నిలబడతాను. ఎవరైనా వెళ్ళాలంటే నన్ను తోసుకుని వెళ్ళాలి. ఇన్నేళ్ళలో నా మీద ఎవరూ చెయ్యి వేయలేదు. రేపు వేస్తారో లేదో నాకు తెలియదు. నేనంటే వాళ్ళకున్నది ఏమిటో రేపు తెలుస్తుంది. నాకూ తెలియాలి.

మీ బావ తనూ వస్తానంటున్నాడు. వద్దన్నాను. మగమనిషి అడ్డంగా నిలబడితే అది వేరే గొడవ అవుతుంది.

పక్కింటావిడ బజారుకు వెళ్తోంది, ఉత్తరం డబ్బాలో వేస్తానంటోంది. గుమ్మంలో నిలబడి ఉంది. ఇక్కడితో ఆపుతాను.

అక్క